మన్యం నుంచి కాక్‌పిట్‌కి: పైలట్ మెడికల్ ఏమడుగుతుంది?

ఉడాన్ పథకం కింద 2022 చివర్లో ఒడిశాలోని జయపురానికి ప్రయాణికుల విమానాలు మొదలయ్యాయి. ఆ తర్వాత విశాఖపట్నం నుంచి కూడా తొమ్మిది సీట్ల సెస్నా గ్రాండ్ కారవాన్ అక్కడికి ఎగిరింది. ఆ దారి అనంతగిరి, అరకు కొండల మీదుగా పోతుంది. పెద్ద జెట్ విమానాల్లో లోపలి గాలికి ఒత్తిడి పెంచి ఉంచుతారు. కారవాన్‌లో ఆ ఏర్పాటు లేదు. బయట గాలి ఎంత పలచనైతే లోపలా అంతే. పైలట్ కూడా ఆ గాలే పీలుస్తూ విమానం నడపాలి.

ఆ దారిలోనే సునాబెడ వస్తుంది. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ 1964లో అక్కడ పెట్టిన కర్మాగారంలో మిగ్ యుద్ధ విమానాల ఇంజన్లు తయారయ్యాయి. దానికి ఆనుకునే సెమిలిగుడ ఉంది. అనుప్రియ లక్రా పదో తరగతి తర్వాత చదివింది ఆ ఊళ్లోనే. మల్కన్‌గిరిలో పెరిగిన ఒరాన్ గిరిజన యువతి, పోలీసు హవల్దారు కూతురు. ఇంజనీరింగ్ చదువు మధ్యలో ఆపి భువనేశ్వర్‌లో పైలట్ శిక్షణలో చేరి, 2019లో ఒక ప్రైవేటు విమాన సంస్థలో కో-పైలట్ అయింది. మల్కన్‌గిరి మన అల్లూరి సీతారామరాజు జిల్లాకు సరిహద్దు. అంటే ఈ కొండల్లో పైలట్ కావాలన్న కోరిక ఊహలోనే ఉండిపోయేది కాదు, ఒకసారి నిజమైంది కూడా.

అందుకే ఈ ప్రశ్నను గంభీరంగా తీసుకోవాలి. అరకు, పాడేరు, చింతపల్లి, ముంచంగిపుట్టు వైపు పుట్టి పెరిగిన పిల్లలు విమానం నడపాలనుకుంటే వైద్య నియమాలు వాళ్లను ఏమడుగుతాయి? ఈ కొండల్లో మామూలుగా కనిపించే జబ్బులు, రక్తంలోని ప్రత్యేకతలు అందులో ఎక్కడ అడ్డొస్తాయి? ఏ అడ్డు న్యాయమైనది, ఏది కేవలం అపోహ? లభ్యమైన వైద్య జ్ఞానాన్నీ, వివిధ దేశాల అనుభవాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచింది ఇది: నియమం జనం అనుకునేంత కఠినం కాదు. కఠినమైనవి రెండే. ఒకటి, రక్తం గురించి సరిగ్గా అర్థం చేసుకోకుండా వేసే ముద్ర. రెండోది, పరీక్ష చేసే డాక్టరు ఉన్న చోటికీ ఊరికీ మధ్య ఉన్న దూరం.

ముందు నియమం సంగతి. ప్రపంచంలో పైలట్ల వైద్య ప్రమాణాలకు మూలం అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, ఐకావో. 1944 డిసెంబర్ 7న షికాగోలో కుదిరిన ఒప్పందం నుంచి పుట్టిన ఆ సంస్థ లైసెన్సుల నియమాలను తన మొదటి అనుబంధంలో పెట్టింది. మన దేశ పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమాలు దాన్ని అనుసరించినవే. విమానం నడపడమే ఉద్యోగంగా ఉన్నవాళ్లకు క్లాస్ వన్ మెడికల్. విద్యార్థి పైలట్, ప్రైవేట్ పైలట్ లైసెన్సులకు క్లాస్ టూ. మన దేశంలో 16 ఏళ్లకు విద్యార్థి లైసెన్సు, 17 ఏళ్లకు ప్రైవేట్ లైసెన్సు తీసుకోవచ్చు. జేఆర్డీ టాటా 1929 ఫిబ్రవరి 10న దేశంలో మొదటి పైలట్ లైసెన్సు అందుకున్న నాటి నుంచి నేటి వరకు ఎవరికైనా చిన్న విమానమే తొలి మెట్టు. రేపు ఎయిర్‌బస్ నడిపే మనిషి కూడా ముందు ఒక చిన్న శిక్షణ విమానంలో ఒంటరిగా ఎగరాల్సిందే.

ఐకావో క్లాస్ టూ కళ్ల విషయంలో ఏమంటుందో చూడండి. ఒక్కో కంటికి దూరపు చూపు 6/12, రెండు కళ్లూ కలిపి 6/9 ఉండాలి. అద్దాలతో ఆ చూపు వచ్చినా చాలు. క్లాస్ వన్‌కి ఒక్కో కన్ను 6/9, రెండూ కలిపి 6/6. అక్కడా అద్దాలు పెట్టుకోవచ్చు. కళ్లజోడుంటే పైలట్ కాలేమని మన ఊళ్లలో, ఆశ్రమ పాఠశాలల్లో ఇప్పటికీ బలంగా నమ్ముతారు. సైనిక విమానాల నియమాలు వేరు, అవి కఠినం. ఆ కఠినత్వాన్ని పౌర విమానాలకూ అంటగట్టడం వల్ల ఎంతమంది పిల్లలు అడగకముందే వెనక్కి తగ్గారో. చీరాలలో పుట్టి అమెరికాలో పెరిగిన బండ్ల శిరీష చూపు సమస్య వల్ల చిన్నప్పుడు కలగన్న పైలట్, నాసా వ్యోమగామి దారి మూసుకుపోయిందని చెప్పింది. ఆమె ఏరోనాటికల్ ఇంజనీరింగ్ చదివి, 2021 జూలై 11న వర్జిన్ గెలాక్టిక్ యాత్రలో అంతరిక్షపు అంచు దాకా వెళ్లింది. ఒక పనికి పెట్టిన ప్రమాణం ఇంకో పనికి వర్తించదని ఆమె కథ చూపిస్తుంది.

చెవుల విషయంలో క్లాస్ టూ కోరేది ఇంకా సులువు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో, రెండు మీటర్ల దూరంలో, వీపు తిప్పి నిలబడి మామూలు మాట వినగలిగితే సరిపోతుంది. వయసును బట్టి పరీక్షల మధ్య వ్యవధి మారుతుంది. ఐకావో లెక్కలో ప్రైవేట్ పైలట్‌కి 40 ఏళ్ల లోపు 60 నెలలకోసారి, 40 దాటాక 24 నెలలకోసారి, 50 దాటాక 12 నెలలకోసారి. గుండె ఈసీజీ 40 దాటాక జరిగే మొదటి పరీక్షలో తప్పనిసరి. ఒక్కో దేశం వీటికన్నా గట్టిగా పెట్టుకోవచ్చు, పెట్టుకుంటాయి కూడా. పదిహేడేళ్ల ఆరోగ్యవంతుడికి ఇందులో భయపడాల్సింది ఏమీ లేదు.

రెండు తరగతులు ఎందుకంటే, అది ప్రమాదాన్ని తూచి వేసిన లెక్క. పైలట్‌కి ఉన్నట్టుండి ఏమైనా అయ్యే అవకాశం ఏడాదికి ఒక శాతం లోపు ఉండాలన్నది వృత్తి పైలట్ల విషయంలో చాలా దేశాలు వాడే కొలమానం. యూరప్ గుండె వైద్యులు 1980లలో దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. ప్రైవేట్ పైలట్ పక్కన రెండో పైలట్ ఉండకపోవచ్చు. అయినా అతని వెనక వంద మంది ప్రయాణికులు కూర్చుని ఉండరు. అందుకే అతనికి కొంచెం సడలింపు. ఈ తర్కం నాకు సమంజసంగా తోస్తుంది. దీని ప్రకారం జబ్బు పేరు విని మనిషిని తోసేయకూడదు. ఆ మనిషిలో ఆ జబ్బు ఎంత ప్రమాదం తెస్తుందో చూడాలి. ప్రమాణం పూర్తిగా అందుకోని మనిషిని కూడా నిపుణులు విడిగా పరిశీలించి, షరతులతోనైనా ఫిట్ అని రాయడానికి ఐకావో నియమంలోనే వెసులుబాటు ఉంది. మన్యం వైపు తిరిగినప్పుడు ఆ మాట బాగా గుర్తుంచుకోవాలి.

మన్యంలో అసలు ప్రశ్న రక్తం.

గాల్లోకి వెళ్లేకొద్దీ ఆక్సిజన్ ఒత్తిడి తగ్గుతుంది. సముద్రమట్టం మీద ఉన్న గాలి ఒత్తిడిలో పదివేల అడుగుల దగ్గర మిగిలేది దాదాపు 70 శాతం. పద్దెనిమిది వేల దగ్గర సగం. ఊపిరితిత్తులకు చేరిన ఆక్సిజన్‌ని మెదడుకి మోసుకుపోయేది హిమోగ్లోబిన్. ఒక గ్రాము హిమోగ్లోబిన్ పూర్తిగా నిండితే సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ పడుతుంది. పదిహేను గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న మనిషి రక్తం డెసిలీటరుకు ఇరవై మిల్లీలీటర్లు మోస్తుంది. ఎనిమిది గ్రాములున్న మనిషిది పదకొండు కూడా మోయదు. నేల మీద, అరకు సంతలో నడుస్తుండగానే ఆ మనిషి రక్తం సగం బరువే మోస్తోందన్నమాట. అతని వేలికి పల్స్ ఆక్సీమీటర్ తగిలిస్తే మాత్రం 98 అనే చూపిస్తుంది. ఉన్న హిమోగ్లోబిన్ ఎంత శాతం నిండిందో అది చెప్తుంది, హిమోగ్లోబిన్ ఎంత ఉందో చెప్పదు. కోవిడ్ తర్వాత ఇంటింటికీ చేరిన ఆ పరికరాన్ని చూసి ధైర్యపడకూడని సందర్భం ఇది.

రక్తహీనత ఏజెన్సీలో ఆడపిల్లలకు ఎంత మామూలైపోయిందో అక్కడి ఏఎన్‌ఎంలను, ఆశా కార్యకర్తలను అడిగితే తెలుస్తుంది. తిండిలో ఇనుము చాలకపోవడం, నులిపురుగులు, పదేపదే వచ్చే మలేరియా, నెలసరిలో ఎక్కువ రక్తం పోవడం, ఇవన్నీ కలుస్తాయి. పైలట్ కావాలనుకునే అమ్మాయికి ఇది శాశ్వతమైన అడ్డు కాదు. కారణం కనిపెట్టి, మందులు వాడి, కొన్ని నెలల్లో సరిచేసుకోగలిగినదే. మెడికల్ రోజున బయటపడితే ‘టెంపరరీ అన్‌ఫిట్’ అని రాస్తారు, మళ్లీ రమ్మంటారు. అందుకే ఫ్లయింగ్ స్కూల్లో ఫీజు కట్టడానికి ఆర్నెల్ల ముందే రక్తపరీక్ష చేయించుకోవాలన్నది ఏ సలహాదారైనా మొదట చెప్పాల్సిన మాట.

ఇక సికిల్‌సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే జన్యు లోపం. దీని మీదే ఎక్కువ గందరగోళం ఉంది కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం.

మన దేశంలో ఈ లక్షణాన్ని మొదట గుర్తించింది 1952లో. నీలగిరి గిరిజనుల్లో లేమాన్, కట్‌బుష్ చూశారు. అదే ఏడాది అస్సాం తేయాకు తోటల్లో డన్‌లప్, మజుందార్ చూశారు. ఆ తోటల కూలీలు ఒడిశా, బీహార్ వైపు నుంచి వలస వెళ్లినవాళ్లు. తర్వాత మధ్య భారతం, ఒడిశా, తూర్పు కనుమల గిరిజన, దళిత సముదాయాల్లో ఇది విస్తృతంగా ఉన్నట్టు తేలింది. ఈ జన్యువు ఇన్ని తరాలు నిలిచిపోవడానికి కారణం మలేరియా. అమ్మ నుంచో నాన్న నుంచో ఒకరి దగ్గరి నుంచే ఆ జన్యువు వచ్చిన పిల్లలు ప్రాణాంతకమైన ఫాల్సిపారం మలేరియాని బాగా తట్టుకుంటారని 1954లో ఆంథొనీ ఆలిసన్ నిరూపించాడు. మలేరియా అడవుల్లో తరతరాలు బతికిన సముదాయాల్లో బతుకు నిలబెట్టిన రక్షణ అది.

తేడా ఇక్కడే ఉంది. ఒకరి నుంచి మాత్రమే జన్యువు వస్తే ఆ మనిషి వాహకుడు. మామూలు జీవితంలో సాధారణంగా ఏ ఇబ్బందీ ఉండదు. ఇద్దరి నుంచీ వస్తే అది జబ్బు. ఎముకల్లో, కడుపులో భరించలేని నొప్పులు, రక్తహీనత, ఇన్‌ఫెక్షన్లు. ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి, వాహకులయ్యే అవకాశం సగం. భారతదేశంలో ఎక్కువగా కనిపించే అరబ్-ఇండియన్ రకంలో పసితనపు హిమోగ్లోబిన్ ఎక్కువ పాళ్లలో మిగిలి ఉంటుంది. దాని వల్ల కొందరిలో జబ్బు కొంచెం నెమ్మదిగా ఉంటుంది. అయినా జబ్బు జబ్బే. సికిల్‌సెల్ జబ్బు ఉన్న మనిషి పైలట్ సీట్లో కూర్చోకూడదన్న నియమం నాకు కూడా న్యాయంగానే తోస్తుంది. నొప్పి ఎప్పుడొస్తుందో ముందే చెప్పలేం. ఆక్సిజన్ తగ్గడమే దాన్ని రెచ్చగొట్టే కారణాల్లో ఒకటి. ఆ మాట కుటుంబానికి ముందుగా, దాచకుండా, గౌరవంగా చెప్పాలి. విమానాల చుట్టూ ఇంజనీరింగ్, మెయింటెనెన్స్, విమానాశ్రయ నిర్వహణ లాంటి దారులు వాళ్లకు తెరిచే ఉన్నాయి.

వాహకుల సంగతి అది కాదు. ఇక్కడ అమెరికా చేసిన పొరపాటు మనకు పాఠం. 1968-69లో టెక్సాస్‌లోని ఫోర్ట్ బ్లిస్ సైనిక శిబిరంలో శిక్షణ పొందుతున్న నలుగురు నల్లజాతి యువకులు చనిపోయారు. నలుగురూ వాహకులే. ఆ శిబిరం ఎత్తు సుమారు 4,060 అడుగులు. 1970లో ఆ సంగతి వైద్య పత్రికలో వచ్చాక ఎత్తే కారణమన్న భయం వ్యాపించింది. కొన్ని విమాన సంస్థలు వాహకులైన ఎయిర్‌హోస్టెస్‌లను నేల మీదికి దింపాయి. 1973లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ కమిటీ వాహకులను పైలట్లుగా తీసుకోవద్దంది. అమెరికా వైమానిక దళ అకాడమీ తలుపు మూసేసింది. చివరికి బయటికి పంపిన ఒక కేడెట్ కోర్టుకెక్కాక 1981లో ఆ నిషేధం తొలగింది. నేడు అమెరికా పౌర విమానయాన సంస్థ వాహకత్వాన్ని పైలట్ మెడికల్‌కి అడ్డుగా చూడదు.

ఆ చావులకు అసలు కారణం తర్వాత తేటపడింది. ఎండలో నీళ్లు తాగకుండా, విశ్రాంతి లేకుండా, ఒంటి శక్తికి మించి పరుగెత్తించడం. వాహకుల మూత్రపిండాలు నీటిని నిలబెట్టుకోవడంలో కొంచెం బలహీనం. ఎండ దెబ్బ, కండరాలు చితికిపోవడం వాళ్లలో ఎక్కువ. నీళ్లు, విశ్రాంతి, ఎండ విషయంలో అందరికీ ఒకే జాగ్రత్త పాటించిన తర్వాతి కాలాన్ని 2016లో ఒక పెద్ద అధ్యయనం పరిశీలించింది. 47,944 మంది నల్లజాతి సైనికుల లెక్కలవి. వాహకుల్లో కండరాలు చితికే ప్రమాదం కొంత ఎక్కువే కనిపించింది గాని, మరణాలు మాత్రం ఎక్కువగా లేవు.

ఎత్తు వల్ల వాహకులకు నిజంగా వచ్చే ప్రమాదం ఒకటుంది. పదివేల అడుగులు దాటిన ఎత్తుల్లో, పర్వతాల మీదో, ఒత్తిడి ఏర్పాటు లేని విమానంలోనో, ప్లీహానికి రక్తం అందక అది దెబ్బతినవచ్చు. ఎడమ పక్కటెముకల కింద పోటు, వాంతులు వస్తాయి. అరుదే గాని వైద్య సాహిత్యంలో ఉన్న సంగతే. మరి మన కొండల లెక్క చూద్దాం. అరకు లోయ ఎత్తు మూడు వేల అడుగుల దరిదాపు, ఫోర్ట్ బ్లిస్ కన్నా తక్కువ. తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తయిన జిందగడ 1,690 మీటర్లు, అంటే సుమారు 5,550 అడుగులు. దాని మీద రెండు వేల అడుగుల ఎడం పెట్టుకుని ఎగిరినా 7,600 అడుగులు చాలు. పెద్ద జెట్ విమానంలో ప్రయాణికులు కూర్చునే గది లోపలి గాలి ఎనిమిది వేల అడుగుల ఎత్తున ఉన్నట్టు ఉండవచ్చు, రోజూ ఎంతోమంది వాహకులు అందులో కూర్చుని వెళ్తున్నారు. ఐకావో ప్రకారం చూసినా పదివేల అడుగుల లోపు పైలట్‌కి ఆక్సిజన్ అక్కర్లేదు, పది నుంచి పదమూడు వేల మధ్య అరగంటకు మించి ఎగిరితే అవసరం. ఈ కొండల మీద చిన్న విమానం నడిపే వాహకుడు ఆ గీత దాకా వెళ్లాల్సిన పనే సాధారణంగా రాదు. వెళ్లాల్సి వస్తే ఆక్సిజన్ పెట్టుకోవాలి, నీళ్లు తాగాలి, ఎడమవైపు పోటు వస్తే కిందికి దిగాలి. హిమాలయాల మీద ఎగిరే మనిషికి చెప్పాల్సిన హెచ్చరిక వేరు, అరకు మీద ఎగిరే మనిషికి చెప్పాల్సింది వేరు.

ఈ తేడా ఇప్పుడు ఎందుకంత ముఖ్యం? 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రధాని జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన మిషన్‌ని ప్రారంభించారు. 40 ఏళ్లలోపు ఏడు కోట్ల మందిని పరీక్షించడం, 2047 నాటికి ప్రజారోగ్య సమస్యగా దీన్ని లేకుండా చేయడం లక్ష్యాలు. మిషన్ అమలయ్యే 17 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి. పరీక్ష అయినవాళ్లకు వాళ్ల జన్యుస్థితి తెలిపే కార్డులిస్తున్నారు. పెళ్లి విషయంలో, పుట్టబోయే బిడ్డల విషయంలో ఈ కార్డు మేలు చేస్తుంది. నేను దీన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కాని లక్షల మంది గిరిజన పిల్లల చేతిలో పుట్టుక నుంచి ఒక రక్తపు చీటీ ఉండబోతోందని, మైదానపు పిల్లల్లో ఎక్కువమంది చేతిలో అది ఉండదని మనం గుర్తించాలి. రేపు ఏ మెడికల్ గదిలోనైనా ‘వాహకుడు’ అన్న మాట చూసి డాక్టరు ‘జబ్బు’ అని చదివితే, అమెరికా 1970లలో చేసిన పొరపాటు మన్యంలో మళ్లీ జరుగుతుంది.

పరీక్షల్లోనూ ఒక మెలిక ఉంది. శిబిరాల్లో మొదట చేసే సాల్యుబిలిటీ పరీక్ష రక్తంలో సికిల్ హిమోగ్లోబిన్ ఉందా లేదా అనే చెప్తుంది. వాహకుడికీ, జబ్బు మనిషికీ అది ఒకేలా పాజిటివ్ వస్తుంది. ఎవరు ఎవరన్నది తేలాలంటే హెచ్‌పీఎల్‌సీ గాని ఎలెక్ట్రోఫోరెసిస్ గాని చేయాలి. ఇటీవల రక్తం ఎక్కించుకున్న మనిషిలో ఆ ఫలితం కూడా తప్పుదారి పట్టిస్తుంది. కాబట్టి ఒక్క సాల్యుబిలిటీ కాగితం మీద ఏ పిల్లకీ, పిల్లాడికీ అన్‌ఫిట్ రాయకూడదు. చక్కెర జబ్బు చూడటానికి అలవాటుగా రాసే హెచ్‌బీఏ1సీ కూడా ఇక్కడ నమ్మదగ్గది కాదు. ఎర్ర కణాలు త్వరగా విరిగిపోయే మనిషిలో అది లేని తగ్గుదల చూపుతుంది, ఇనుము తక్కువైన మనిషిలో లేని పెరుగుదల చూపుతుంది. మైదానం కోసం రాసిన పరీక్షల జాబితా కొండల్లో అలాగే వాడితే ఇలాంటి తప్పులు వస్తాయి.

రక్తం తర్వాత జ్వరం. మలేరియా తగ్గిందనుకున్నాక వైవాక్స్ రకం కాలేయంలో దాక్కుని నెలల తర్వాత మళ్లీ లేస్తుంది. దాన్ని వేళ్లతో సహా తీసేయడానికి ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులు వాడతారు. కాని జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువున్న మనిషిలో ఆ మందే రక్తకణాలను విరగ్గొడుతుంది. గిరిజన సముదాయాల్లో ఈ లోపం చాలాచోట్ల నమోదైంది. ఎగరాలనుకునే మనిషి ఆ పరీక్ష ఒకసారి చేయించుకుని ఉంచుకోవడం మంచిది. జ్వరం ఉన్నన్నాళ్లూ, మందు కోర్సు పూర్తయ్యేదాకా విమానం జోలికి పోకూడదు. మలేరియాకే వాడే మెఫ్లోక్విన్ పైలట్లకు తగదు. అది మనసు మీద, శరీర సమతుల్యత మీద చూపే ప్రభావం గురించి అమెరికా ఔషధ సంస్థ 2013లో గట్టి హెచ్చరిక పెట్టింది.

క్షయ విషయంలో జనానికి తెలియని సంగతి ఒకటి చెప్పాలి. జబ్బు చురుగ్గా ఉన్నంతకాలం అన్‌ఫిట్, పూర్తిగా నయమయ్యాక మళ్లీ పరిశీలిస్తారు. అంతవరకు అందరికీ తెలిసిందే. కాని ఆ చికిత్సలో వాడే ఇథాంబ్యుటాల్ కొందరిలో కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. మొదట పోయేది తరచుగా ఎరుపు ఆకుపచ్చల తేడా. పైలట్‌కి కావాల్సిన రంగులు అవే. కాబట్టి క్షయ నుంచి కోలుకున్న అభ్యర్థికి ఎక్స్‌రే ఒక్కటే సరిపోదు, రంగుల చూపు పరీక్షించే ఇషిహారా పుస్తకం మళ్లీ తెరవాలి. ఇషిహారాలో తప్పినా కథ ముగియదు. లాంతరు పరీక్ష ఉంది. అందులోనూ తప్పితే క్లాస్ టూలో ‘పగలు మాత్రమే’ అన్న షరతుతో లైసెన్సు ఇచ్చే వీలు ఐకావో నియమంలో ఉంది.

ఇంకొన్ని చిన్న సంగతులు. చిన్నప్పుడు చెవిలో చీము కారి కర్ణభేరికి చిల్లు పడిన పిల్లలు కొండ ఊళ్లలో ఎక్కువ. విమానం కిందికి దిగేటప్పుడు చెవిలో ఒత్తిడి సర్దుకోవాలి కాబట్టి ఈఎన్‌టీ డాక్టరు దాన్ని గట్టిగా చూస్తారు. అయిదో తరగతిలో వైద్యం చేయిస్తే పదహారో ఏట అడ్డు రాదు. విటమిన్ ఏ లోపంతో వచ్చే రేచీకటి కూడా అంతే. అసలే అయిదు వేల అడుగుల దగ్గర్నుంచే రాత్రి చూపు మందగించడం మొదలవుతుంది. మద్యం విషయంలో మన నియమం స్పష్టం: ఎగరడానికి ముందు పన్నెండు గంటల్లో చుక్క కూడా తాగకూడదు. జీలుగు కల్లు పండగ పూట గౌరవంగా అందించే చోట పెరిగిన యువకుడు ఈ మాటను ముందే ఇంట్లో చెప్పి ఉంచుకోవాలి.

మనసు గురించి నియమాలు ఇంకా తడబడుతూనే ఉన్నాయి. 2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ కో-పైలట్ విమానాన్ని కావాలని ఆల్ప్స్ పర్వతాలకు ఢీకొట్టి తనతో సహా 150 మంది ప్రాణాలు తీశాక ప్రపంచమంతా మానసిక పరీక్షలు కఠినం చేయాలంది. కాని కఠినం చేసేకొద్దీ పైలట్లు చెప్పడం మానేస్తారు. అమెరికాలో 2022లో వచ్చిన ఒక సర్వేలో సగానికి పైగా పైలట్లు లైసెన్సు పోతుందన్న భయంతో వైద్యానికి వెనకాడామని ఒప్పుకున్నారు. పాలకులకూ ఇది అర్థమవుతోంది. అమెరికా 2010లోనే కొన్ని డిప్రెషన్ మందులు వాడేవాళ్లకు పరిశీలన తర్వాత అనుమతి ఇవ్వడం మొదలుపెట్టింది. ప్రైవేట్ పైలట్లకు బ్రిటన్ 2016లో స్వీయ ప్రకటన పద్ధతిని విస్తరించింది. 2017 మే 1 నుంచి అమెరికాలో బేసిక్‌మెడ్ అమల్లోకి వచ్చింది. నాలుగేళ్లకోసారి మామూలు డాక్టరు దగ్గర పరీక్ష, రెండేళ్లకోసారి ఆన్‌లైన్ పాఠం. మన దేశంలోనూ నియమం కదులుతుంది. ట్రాన్స్‌జెండర్ అభ్యర్థుల విషయంలో కేరళ యువకుడు ఆడమ్ హ్యారీ పోరాడాక 2022లో డీజీసీఏ మార్గదర్శకాలు ఇచ్చింది. ఒక మనిషి పట్టువదలకుండా అడిగితే కాగితం మారిందన్నమాట.

బేసిక్‌మెడ్ పద్ధతిని మన్యానికి అలాగే తేవాలని నేననను. ఆ పద్ధతి నిలబడింది ప్రతి మనిషికీ తన జబ్బుల చరిత్ర తెలిసిన కుటుంబ వైద్యుడు ఉంటాడన్న నమ్మకం మీద. డోలీలో గర్భిణిని మోసుకొచ్చే ఊళ్లు ఇంకా ఉన్న చోట ఆ నమ్మకం లేదు. ఇక్కడ చాలామందికి పదిహేడేళ్లు వచ్చేదాకా పూర్తి వైద్య పరీక్ష ఒక్కటి కూడా జరగదు. పైలట్ మెడికలే జీవితంలో మొదటి పూర్తి పరీక్ష అయినప్పుడు, దాన్ని సడలించడం కన్నా దగ్గరికి తేవడం మేలు.

2017 నవంబర్‌లో అరకులో అంతర్జాతీయ హాట్ ఎయిర్ బెలూన్ ఉత్సవం జరిగింది. లోయ మీద రంగురంగుల బెలూన్లు లేచాయి. బెలూన్ నడిపే పైలట్‌కి కూడా ఐకావో కోరేది క్లాస్ టూ మెడికలే. అరకులో ఎయిర్‌స్ట్రిప్ లేదు గాని బెలూన్‌కి ఎయిర్‌స్ట్రిప్ అక్కర్లేదు. పర్యాటకం పెరిగేకొద్దీ ఈ లోయలో ముందుగా పుట్టగల పైలట్ ఉద్యోగం బహుశా ఇదే. దానికి స్థానికులను తయారు చేయాలన్న ఆలోచన ఎవరైనా చేయాలి.

చివరగా దూరం. క్లాస్ టూ చేయాల్సింది డీజీసీఏ గుర్తింపు ఉన్న డాక్టరు. అలాంటివాళ్లు ఉండేది నగరాల్లో. అరకు నుంచి విశాఖకు ఘాట్ రోడ్డు మీద నూటపదిహేను కిలోమీటర్లు. ముంచంగిపుట్టు నుంచి, సీలేరు నుంచి ఇంకా ఎక్కువ. కంటి డాక్టరు ఒక చోట, ఈఎన్‌టీ ఇంకో చోట, రక్తపరీక్ష మరో చోట. ఏదైనా తేడా వస్తే మళ్లీ రమ్మంటారు, ఇంట్లో కాఫీ గింజలు అమ్మిన డబ్బు ఆ తిరుగుళ్లకే అయిపోతుంది. అనుప్రియ లాంటి ఒకరిద్దరు దీన్ని దాటుతారు. పదిమంది దాటాలంటే ఏర్పాటు మారాలి.

మార్చడానికి కావాల్సినవి చాలావరకు ఉన్నాయి. పాడేరులో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. కంటి, చెవి, గుండె, రక్తం చూసే విభాగాలు ఒకే ఆవరణలో ఉండాల్సిన చోటు అది. అక్కడి వైద్యులు ఇద్దరు డీజీసీఏ గుర్తింపు తీసుకుని, ఏడాదికి రెండుసార్లు గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏతో కలిసి ఒక రోజు కేటాయిస్తే గురుకులాల్లో, ఏకలవ్య పాఠశాలల్లో పదో తరగతి చదివే పిల్లలకు ముందస్తు పరీక్ష అక్కడే అయిపోతుంది. అద్దాలు కావాల్సినవాళ్లకు అద్దాలు, రక్తం తక్కువున్న అమ్మాయికి ఆర్నెల్ల మందు, చెవి కారే అబ్బాయికి చికిత్స, సాల్యుబిలిటీ పాజిటివ్ వచ్చినవాళ్లకు హెచ్‌పీఎల్‌సీ. లైసెన్సు వయసు వచ్చేసరికి అసలు మెడికల్‌లో కొత్తగా బయటపడేది ఏమీ ఉండదు. పైలట్ కాని పిల్లలకూ ఆ పరీక్ష పనికొస్తుంది కాబట్టి ఖర్చు వృథా అన్న మాటే రాదు.

డీజీసీఏ వైపు నుంచి కావాల్సింది ఇంకా చిన్నది. వాహకత్వం ఒక్కటే అన్‌ఫిట్‌కి కారణం కాదని, జబ్బుకీ దానికీ తేడా ఏ పరీక్షతో తేల్చాలో, ఏ ఎత్తు దాటితే ఏ జాగ్రత్తో, పరీక్ష చేసే డాక్టర్లకిచ్చే మార్గదర్శకాల్లో తిరుగులేని వాక్యాలుగా ఉండాలి. అదే మాట సికిల్‌సెల్ కార్డు వెనక తెలుగులో, ఒడియాలో, కువి, ఆదివాసీ ఒడియా మాటల్లో అచ్చు వేయవచ్చు: ఈ కార్డులో వాహకులు అని ఉన్నవాళ్లు చదువుకోవచ్చు, ఆటలాడవచ్చు, విమానం నడపవచ్చు, ఎండలో నీళ్లు ఎక్కువ తాగాలి, పెళ్లికి ముందు ఇద్దరి కార్డులూ చూసుకోవాలి.